మూడో రోజు లేచే గడ్డి

ఇంటి నుంచి,
సోమవారం

అన్నయ్యా,

నీ చెల్లెలి నమస్కారాలు. మేం ముగ్గురం బాగున్నాం. నువ్వు ఉత్తరం రాసి ఏడాది దాటింది, మా గడప తొక్కి రెండేళ్లయింది. అలిగి రాయట్లేదు, పనుండి రాస్తున్నాను. తప్పులుంటే చూసీ చూడనట్టు పో.

ట్రాక్టర్ వెనక కట్టే గడ్డి కట్టర్ పోయింది. ఇంటి వెనక ఆరెకరాల బీడు సగం కోశాక ఏదో మొద్దుకు తగిలి గేర్‌బాక్స్ పగిలింది. పోయిన ఎండాకాలం రోడ్డు పక్క అంటుకున్న మంట ఎండుగడ్డి మీదుగా మా షెడ్డు గోడ దాకా వచ్చింది. అందుకే ఎండలు ముదరకముందే కొత్తది కొనాలి. ఏ సైజుది కొనాలో ఆయనకి తెలియట్లేదు. షాపతను ఆరడుగులదంటున్నాడు. "మీ అన్నయ్య ట్రాక్టర్ మెకానిక్ కదా, ఓ ముక్క రాసి అడుగు" అన్నారు ఆయన. నోటితో అడగడం కంటే నాకిదే తేలిక.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన రాయమనలేదు.

మామయ్యగారు పోయినప్పటి నుంచి, గడ్డి కోసిన ప్రతిసారీ మూడో రోజు పొద్దున్నే బీట్లో గీతలు లేస్తున్నాయి. కోసిన రోజు నేలంతా చదునుగా ఉంటుంది. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకి జానెడు వెడల్పున, మోకాలెత్తు గడ్డి నిలబడి ఉంటుంది. అదెప్పుడు లేస్తుందో నేను చూడలేదు. అత్తయ్య వంటింటి కిటికీ దగ్గర నిలబడి, "చూడు, మళ్ళీ గీశారు" అంటారు. తర్వాత చెప్పుల్లేకుండా వెళ్లి ఒక గీత పట్టుకుని నడుస్తారు, వాగు వైపు వాలు దాకా. ట్రాక్టర్ బోల్తా పడి మామయ్యగారు పోయింది అక్కడే కదా. అక్కడ కాసేపు నిలబడి తిరిగొస్తారు. ఆ పూట నాలుగు కంచాలు పెడతారు. ఒకటి ఖాళీగా ఉంటుంది. మేం దాని వైపు చూడకుండా తినేస్తాం.

మీ బావ ఆ ట్రాక్టర్ సీటు మీద గోనెసంచి మడిచి వేసుకుని కూర్చుంటారు. మామయ్యగారు ఇరవై ఏళ్లు కూర్చున్న గుంట తగలకుండా.

సైజు సంగతి త్వరగా రాయి.

నీ పిట్ట

*

వర్క్‌షాపు నుంచి,
శనివారం

పిట్టా,

ఉత్తరం అందింది. రాయకపోవడం నా తప్పే. పని ఎక్కువ.

ముందు ఆ ఆరడుగుల మాట మరిచిపోండి. షాపువాడికేం, మేకపిల్ల మీద అంబారీ కూడా కట్టమంటాడు. మీ ట్రాక్టర్ బానెట్ మీద ఇరవై నాలుగు హార్స్‌పవర్ అని రాసుంటుంది. అది ఇంజన్ చెప్పుకునే గొప్ప. వెనక కట్టర్‌ని తిప్పే షాఫ్ట్ దాకా వచ్చేసరికి పంతొమ్మిదే మిగులుతుంది. పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటిదన్నమాట, చెప్పేదొకటి, చేతికొచ్చేది ఒకటి. కట్టర్‌కి అడుగు వెడల్పుకి అయిదు హార్స్‌పవర్ కావాలి. ఆ లెక్కన నీ బండికి నాలుగడుగులదే సరి.

కానీ వెడల్పు కూడా చూడాలి. వెనక టైర్ల బయటి అంచు నుంచి అవతలి బయటి అంచుకి ఎంతుందో కొలిచి రాయి. బీట్లో గడ్డేనా, బొటనవేలు లావు తుప్పలు కూడా ఉన్నాయా అదీ రాయి.

గీతల గురించి భయపడకు. చక్రం తొక్కిన గడ్డి పడుకుంటుంది. పడుకున్న గడ్డిని కత్తి కొయ్యలేదు, దాని మీదుగా పోతుంది. రెండు రోజులు ఎండ తగిలాక అదే లేస్తుంది. అంతే. అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పు.

బావని అడిగానని చెప్పు.

అన్నయ్య

*

ఇంటి నుంచి,
గురువారం

అన్నయ్యా,

కుట్టుమిషన్ టేపు తీసుకెళ్లి కొలిచాను. టేపు అరవై అంగుళాలు, టైర్లు యాభై ఆరు. పాత కట్టర్ నలభై ఎనిమిది. అంటే చక్రాలు ఇటు నాలుగు అంగుళాలు, అటు నాలుగు అంగుళాలు కట్టర్ బయటికి ఉన్నాయి. తుప్పలు వాలు వైపే, మిగతాదంతా గడ్డే.

నువ్వు చెప్పింది అర్థమైంది. అత్తయ్యకి చెప్పాలని రెండుసార్లు కిటికీ దాకా వెళ్లి, చెప్పకుండానే తిరిగొచ్చాను. ఇంతలో నాకే ఒక అనుమానం వచ్చింది.

నేను కాపురానికొచ్చిన నెల రోజులకి కదా మామయ్యగారు పోయారు. ఆ నెలలో ఆయన ఒకసారి గడ్డి కోశారు. ఇదే ట్రాక్టర్, ఇదే కట్టర్. కోసి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ నన్ను పిలిచి, "కొత్త కోడలా, ఇలా రా, దుప్పటి పరిచినట్టుందా లేదా?" అన్నారు. తలూపాను. "తలూపితే కాదు, నోటితో చెప్పు" అన్నారు. "ఉంది" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. నాలుగో రోజు కూడా అలాగే ఉంది అన్నయ్యా, వారానికి కూడా అలాగే ఉంది. ఒక్క గీత లేవలేదు.

అప్పుడు లేవనివి ఇప్పుడెందుకు లేస్తున్నాయి?

కొలిచేటప్పుడు ఇంకొకటి కనిపించింది. వెనక చక్రాల నడిమి రేకుకి బయటి వైపు నట్లు బిగించి ఉన్నాయి. లోపలి వైపు చెయ్యిపెట్టి తడిమితే అక్కడ కూడా నట్లు నొక్కుకున్న గుండ్రటి మచ్చలు తగిలాయి, పెయింటు లేచిపోయి. ఎప్పుడో ఆ వైపు కూడా బిగించారేమో. నువ్వు అరిగిన బోల్టులు ముందు పోసి, ఇది ఎటు తిరిగి అరిగిందో చెప్పమని నన్ను అడిగేవాడివి కదా, అందుకే చూశాను.

సైజుతో పాటు ఈ సంగతి కూడా రాయి.

పిట్ట

*

వర్క్‌షాపు నుంచి,
మంగళవారం

పిట్టా,

కొలతలు సరిగ్గా తీశావు.

బలం నాలుగంటోంది, వెడల్పు అయిదంటోంది. అయిదడుగులదే కొనండి, కానీ తేలిక రకం కావాలి. బరువైన రకం కడితే పైకెత్తినప్పుడు ముందు చక్రాలు నేల విడుస్తాయి. గడ్డి మోకాలు దాటకముందే కొయ్యాలి. చిన్న గేర్‌లో, నిదానంగా. వాలు వైపు అసలు పోవద్దు. అక్కడ తుప్పలుంటే ఉండనీ.

అయిదడుగులదైతే చక్రాలు కట్టర్ వెడల్పు లోపలే ఉంటాయి, గీతలూ ఉండవు. అత్తయ్యగారికీ మంచిది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఉంటాను.

అన్నయ్య

*

ఇంటి నుంచి,
ఆదివారం

అన్నయ్యా,

నేను రెండు అడిగాను, నువ్వు ఒకదానికే జవాబు రాశావు. చిన్నప్పుడు మూత పగలగొట్టింది ఎవరని అమ్మ అడిగితే, "కుండ బాగానే ఉందిగా" అనేవాడివి. అలా ఉంది.

సరే, ఇక్కడి కబుర్లు. ఆయన షాపుకి వెళ్లొచ్చారు. తేలిక రకం అయిదడుగులది లేదట, రావడానికి మూడు నెలలట. ఉన్నవన్నీ బరువైనవే. నాలుగడుగులవి మాత్రం ఉన్నాయి. ఆయన దిగులుగా నిలబడితే షాపతనే ఉపాయం చెప్పాడట. కుడి చక్రం ఎడమకి, ఎడమది కుడికి మార్చి, రేకు తిరగేసి బిగిస్తే టైర్లు లోపలికి జరుగుతాయట, నలభై ఏడుకి వస్తాయట. అప్పుడు నాలుగడుగులదే చాలు, గీతలు కూడా పడవు అన్నాడట.

ఆయనకి అది బాగా నచ్చింది. ఇంటికొచ్చేదాకా ఈల వేసుకుంటూ వచ్చారు. ఆయన ఈల వేయడం నేను ఇదే మొదటిసారి వినడం. "అమ్మ ఆ గీతల వెంట నడుస్తుంటే చూడలేకపోతున్నానే. ఈ దెబ్బతో అవి ఉండవు. వాలు మీది తుప్పలు కూడా కొట్టేస్తా, అటు వెళ్లాలనే అనిపించదు" అన్నారు.

కట్టర్ వచ్చే శుక్రవారం వస్తుంది. శనివారం చక్రాలు తిప్పుతారు.

నిన్న తెల్లవారగట్ల లేచి చూస్తే అత్తయ్య బీట్లో ఉన్నారు. పాత గీతల మధ్య కూర్చుని గడ్డిని అరచేత్తో నేలకి అదుముతున్నారు. వదిలితే లేస్తోంది. మళ్ళీ అదుముతున్నారు. నన్ను చూసి, "ఎంత అణిచినా లేస్తోందే అమ్మాయ్" అన్నారు. ఆయన చక్రాలు తిప్పడమే మంచిదేమో అనిపించింది.

నువ్వేమంటావు?

పిట్ట

*

వర్క్‌షాపు నుంచి,
బుధవారం

పిట్టా,

బావని చక్రాలు తిప్పనివ్వకు. ముందు ఆ మాట చదివి, తర్వాత మిగతాది చదువు.

నువ్వు అడిగినదానికి జవాబు ఇది. లోపలి వైపు మచ్చలు నా పానా పెట్టినవే. నిన్ను అత్తారింట్లో దింపడానికి వచ్చి నాలుగు రోజులున్నాను కదా. రెండో రోజు మామయ్యగారు నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి, "బాబూ, ఈ గీతలతో వేగలేకపోతున్నా, పెద్ద కట్టర్ కొననా?" అన్నారు. బండికి అంత బలం లేదు, ఈ గీతలతోనే సర్దుకోండి అని చెప్పాల్సింది. కొత్త చుట్టరికం. చెల్లెల్ని ఇచ్చిన ఇల్లు. పనితనం చూపించాలనిపించింది. "కొనడమెందుకండీ, గంటలో తీసేస్తా" అన్నాను. చక్రాలు అటూ ఇటూ మార్చి లోపలికి బిగించాను. ఆయన వీపు తట్టారు.

కాళ్లు దూరంగా పెట్టి నిలబడ్డ మనిషిని తోస్తే పడడు. దగ్గరగా పెడితే పడతాడు. ట్రాక్టరూ అంతే. చదును నేల మీద ఏం కాదు. వాలు మీద అడ్డంగా వెళ్తే పక్కకి దొర్లుతుంది. ఇది నాకు తెలుసు పిట్టా. వాలు వైపు పోవద్దండీ అని చెప్పడం తెలుసు. ఆయన వీపు తట్టిన సంతోషంలో చెప్పలేదు. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం బావ ఊళ్లో వింతలన్నీ చూపిస్తానని తీసుకెళ్లాడు.

బండి బోల్తా పడ్డాక రిపేరుకి నేనే తెప్పించుకున్నాను, గుర్తుందా. వంగిన రేకు సాపు చేసి, చక్రాలు మళ్ళీ బయటికి బిగించి, లారీలో పంపించాను. ఎవరికీ చెప్పలేదు. గీతలు అందుకే లేస్తున్నాయి. ఆ సీటు గుంట మీద చెయ్యి పెట్టలేక, పైన గుడ్డ కప్పి పనిచేశాను. ఇప్పటికీ ఏ బండి వెనక చక్రం విప్పినా, పక్కనెవరో నిలబడి వీపు తట్టబోతున్నట్టు ఉంటుంది. తిరిగి చూడను.

బావకి ఏదో ఒక సాకు చెప్పి ఆపు. నట్లు తుప్పు పట్టాయి, రావు అని చెప్పు. ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యి.

అన్నయ్య

*

ఇంటి నుంచి,
ఆదివారం

అన్నయ్యా,

నీ ఉత్తరం శనివారం పదకొండింటికి వచ్చింది. పోస్టుమాన్ దగ్గర అందుకుని వాకిట్లోనే చదివాను. అప్పటికే షెడ్డులోంచి సుత్తి చప్పుడు వస్తోంది.

వెళ్లేసరికి ఇరుసు కింద జాకీ పెట్టి ఉంది. ఒక చక్రం ఊడదీసి నేల మీద పడుకోబెట్టారు. రెండోదాని నట్లు వదులు చేస్తున్నారు. తుప్పు పట్టాయని ఎలా చెప్పను, చేతిలో ఊడిన నట్లే ఉన్నాయి. వెళ్లి ఆ పడుకోబెట్టిన చక్రం మీద కూర్చున్నాను.

"ఏమిటిది? లే."

"లేవను."

"చీర నిండా గ్రీజు. లే అంటున్నానా?"

"లేవనన్నానుగా."

ఆయన పానా కింద పెట్టి నవ్వారు. "మెకానిక్ చెల్లెలివని ఇవాళ గుర్తొచ్చిందా? ఇంతకాలం ఈ నోరు ఎక్కడ దాచావు?" అన్నారు.

నేను ఉత్తరం చాపాను. సాకు చెబితే ఇవాళ ఆగుతారు, ఇంకో శనివారం తిప్పుతారు. ఆయన లేకుండా పోతే, నేను ఏ కిటికీ దగ్గర నిలబడాలి అన్నయ్యా? అందుకే నీ మాట కాదని కాల్చలేదు.

ఆయన చదివారు. నవ్వు అలాగే ఉండిపోయింది ముఖం మీద, తీయడం మర్చిపోయినట్టు. అప్పుడు గుమ్మంలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఏముంది అందులో? పైకి చదవరా." ఆయన చదవలేదు. కాగితం నా చేతికిచ్చి గోడ వైపు తిరిగారు.

నేనే చదివాను. పెద్దవాళ్ల ముందు గొంతెత్తి చదవడం బడి మానేశాక ఇదే మొదలు. అత్తయ్య చివరిదాకా విన్నారు. తర్వాత నా పక్కన వచ్చి ఆ చక్రం మీదే కూర్చున్నారు.

"గీతలతో వేగలేకపోయింది ఆయనా? నేను" అన్నారు. "ఆయనకేం పట్టదు. వంటింటి కిటికీలోంచి చూస్తే పాపిడి వంకర తీసిన తలలా ఉందని ఇరవై ఏళ్లు సణిగాను. కొత్త కోడలొస్తోంది, ఇప్పుడైనా బాగుచేయించండని ఆ వారమంతా ప్రాణం తీశాను. మీ అన్నయ్య చక్రాలు విప్పుతుంటే మంచినీళ్లు తెచ్చిచ్చింది కూడా నేనే."

మళ్ళీ అన్నారు. "పోయాక గీతలు లేచాయి. నేను వద్దన్నవే, ఏరి ఏరి మళ్ళీ గీసి చూపిస్తున్నారనుకున్నా. చూసుకో, ఇవి చాలా, ఇంకా కావాలా అని. వెళ్లి వాలు దగ్గర నిలబడి అడిగేదాన్ని, ఇంక ఆపండి అని. మర్నాడు అణిచిపెట్టినా లేచేవి."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"మీ అన్నయ్య రాకపోతే, నా ముఖం చూడలేక రావట్లేదనుకున్నానే. చేయించింది నేనని అతనికి తెలిసిపోయిందనుకున్నా" అన్నారు.

ఆయన మమ్మల్ని లేవమని, చక్రాన్ని పాత వైపే, బయటికే ఎక్కించారు. నట్లన్నీ బిగించారు. మళ్ళీ మొదటి నుంచి బిగించారు. మూడోసారి కూడా. అప్పుడు జాకీ దింపి, అన్నం తినకుండా బయటికి వెళ్లిపోయారు.

నువ్వు కాల్చమన్నది కాల్చలేదని కోపం తెచ్చుకో. పర్లేదు.

పిట్ట

*

వర్క్‌షాపు నుంచి,
గురువారం

పిట్టా,

కోపం లేదు. బావ ఏమన్నాడు? ఏమన్నా సరే, ఉన్నదున్నట్టు రాయి.

అయిదడుగుల తేలిక రకం ఇక్కడ ఒక షాపులో ఉంది. చెబితే పంపిస్తాను. గీతలు పోతాయి, చక్రాలు తిప్పక్కర్లేదు. కనీసం ఇదన్నా చెయ్యనీ.

అన్నయ్య

*

ఇంటి నుంచి,
శుక్రవారం

అన్నయ్యా,

ఆయన నాలుగు రోజులు నీ పేరెత్తలేదు. అయిదో రోజు చేతులు కడుక్కుంటూ, "మీ అన్నయ్యకి రాయి. ఆ నట్లు ఎంత బిగించాలో లెక్క ఉంటుందట కదా, వచ్చి చూసి చెప్పమను" అన్నారు. ఇంకేం అనలేదు. ఆయన అంతకంటే అనరని నాకు తెలుసు, నీకూ తెలియాలని రాస్తున్నాను.

అయిదడుగులది పంపకు. నీ ఉత్తరాలన్నీ చదివి వినిపిస్తే అత్తయ్యే వద్దన్నారు. "బండి బలానికి నాలుగడుగులే సరి అన్నాడుగా మొదటి ఉత్తరంలో? మరి బండి మాటే ఉండనివ్వండి" అన్నారు. "గీతలు పడతాయమ్మా" అని ఆయనంటే, "పడాలి" అన్నారు. "గీత లేచిందంటే చక్రాలు దూరంగా ఉన్నట్టు. చక్రాలు దూరంగా ఉంటే నువ్వు భోజనానికొస్తావు. అవి లేవని రోజు నాకు చెప్పండి, అప్పుడు భయపడతాను."

అందుకని షాపతను పంపిన నాలుగడుగులదే ఉంచేసుకున్నాం. బుధవారం కోశారు. వాలుకి ఇరవై గజాల ముందే బండి తిప్పేశారు. అక్కడి నుంచి వాగు దాకా గడ్డి ఎవరూ ముట్టలేదు, నడుము దాటి ఉంది. గాలి లేనప్పుడు కూడా అందులో ఒక్కోసారి ఏదో కదులుతుంది. నేనటు ఎక్కువసేపు చూడను.

ఇవాళ మూడో రోజు. పొద్దున అత్తయ్య కిటికీ దగ్గరికి రాలేదు. పొయ్యి ముందు కూర్చునే, "ఉన్నాయా?" అని అడిగారు.

చూశాను. ఈ చివర నుంచి ఆ చివరకి మంచులో తడిసి నిలబడి ఉన్నాయి. "ఉన్నాయి అత్తయ్యా" అన్నాను.

"అయితే వడ్డించు" అన్నారు.

మూడు కంచాలు పెట్టాను. ఆవిడ లేచి నాలుగోది తెచ్చి పెట్టారు. ఎప్పటిలా చూపు తిప్పుకోబోయాను. కానీ ఇప్పుడు నాకు నోరొచ్చింది కదా, "ఇదెవరికి అత్తయ్యా? అన్నయ్యకా, మామయ్యగారికా?" అని అడిగేశాను.

"ఎవరు ముందొస్తే వాళ్లది" అన్నారు.

అన్నయ్యా, నువ్వే ముందు రా.

నీ పిట్ట